పై వాలులో తెల్ల ద్రాక్ష

హేమిన్ మనసుపడ్డ పిల్ల అతనికి దక్కాలంటే, ఆ పిల్ల అన్నకు తన అక్క గలావేజ్‌ను ఇవ్వాలన్నారు. కుండమార్పిడి. అక్కను ఇచ్చేశారు. మొగుడు కొట్టే దెబ్బలకు తాళలేక ఒకసారి పారిపోయి వచ్చింది. ఆమె పుట్టింట ఉండిపోతే హేమిన్ పెళ్లాన్నీ వాళ్లవాళ్లు తీసుకుపోతారు. అందుకని అతనే అక్కను గాడిదెక్కించి మళ్లీ ఆ గుమ్మంలో దింపొచ్చాడు.

మొగుడు చచ్చాకే గలావేజ్ ఊరికి తిరిగొచ్చింది. ఊరి చివర ఒక గదిలో రొట్టెలు కాల్చి అమ్ముకుంటోంది.

ద్రాక్షతీగల పని తండ్రి నేర్పింది ఆమెకే. అందుకే హేమిన్ ఆమెను అడగడానికి వచ్చాడు.

"అక్కా, మరీవాన్ పట్నం బజార్లో అందరూ గింజ లేని తెల్లదే అడుగుతున్నారు. మన నల్లద్రాక్ష తోలు మందమంట, ఎవడూ ముట్టట్లేదు. పై వాలులో తెల్లది వేస్తే బతుకుద్దా?"

బతకదని ఆమెకు తెలుసు. తెల్లది లోయలో, తీగల మీద లోతుగా మన్ను కప్పితేనే చలికాలం దాటుతుంది. పై వాలంతా రాళ్లు. మంచు కురవని ఏడాది అక్కడి పొడిగాలికి ఓర్చేది నల్లది ఒక్కటే.

"భేషుగ్గా బతుకుద్ది," అంది పిండి పిసుకుతూ. "నల్లవాటిని మాత్రం వేళ్లతో పీకెయ్. కొత్తవాటి బలం లాగేస్తాయి."

"నువ్వుండగా నాకేం భయమే!" అన్నాడు హేమిన్.

మొదటి రెండు మూడేళ్లు మంచు బాగా కురిసి తీగల్ని కప్పింది, తోట నిలబడింది. తొలి గుత్తులు అతని పెళ్లాం ఇంటింటికీ పంచింది. ఆ చలికాలం మంచే పడలేదు. రాత్రీ పగలూ గాలి.

వసంతంలో హేమిన్ ఒక తీగముక్క పట్టుకొచ్చాడు. గోటితో గీరితే లోపలంతా పొగాకు రంగు.

"ఒక్కటీ పచ్చగా లేదే అక్కా. నేనే మన్ను సరిగ్గా కప్పలేదేమో."

"బాగానే కప్పావు. అక్కడ తెల్లది బతకదు."

"మరి... పొరపాటున చెప్పావా?"

"తెలిసే చెప్పాను. నల్లవి పీకించిందీ అందుకే."

"నా పిల్లలేం తినాలే?"

"నన్ను గాడిదెక్కించి తోలుకుపోయినప్పుడు దారంతా ఏడ్చానురా. నువ్వు ఈలేసుకుంటూ నడిచావు."

అతను చెయ్యెత్తాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకోలేదు. చెయ్యి దానంతటదే దిగిపోయింది.

వేసవికల్లా పెళ్లాం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. హేమిన్ దొంగచాటుగా సరిహద్దు దాటించే సరుకు మూటలు కూలికి మోస్తూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు సాయంత్రాలు అక్క పొయ్యి దగ్గరకొచ్చి కూర్చుంటాడు. అతను నోరు తెరిచి అడిగేదాకా ఆమె అటు చూడదు. అడిగాక ఒక రొట్టె ఇస్తుంది. జాలితో కాదు. వాడు అడుగుతుంటే వినడం ఆమెకు ఇష్టం.