అత్తగారు తోమిన డబ్బాలు

సముద్రం అడుగు మట్టి తప్ప నీకు ఈ లోకంలో చదవడానికి ఇంకేం దొరకలేదా అని అత్తగారు కోడల్ని ఎప్పుడూ ఎగతాళి చేసేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత కూడా జోడించేది. కోడలు నవ్వి ఊరుకునేది. ఆ అడుసులో కంటికి ఆనని ఇనుప రేణువులుంటాయి. ఒక్కో నది ఒక్కో రకం కొండల్ని అరగదీసి తెస్తుంది కాబట్టి, ఆ రేణువుల అయస్కాంత గుణాన్ని బట్టి మట్టి ఎక్కడిదో చెప్పొచ్చు. తన మట్టి ఉత్తరపు నదిదా, దక్షిణపు నదిదా అన్నదే కోడలి పరిశోధన. ఇన్నేళ్ళ చదువూ ఆ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంది.

మిగిలింది గుప్పెడు మట్టి. దాన్ని తెచ్చిన ఓడ మళ్ళీ అటు వెళ్ళదు, తవ్వే యంత్రాన్ని ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. అందుకే ఇనుము సోకకుండా ప్లాస్టిక్ చెంచా, పింగాణీ కల్వం వాడుతూ ఆ మట్టిని పసిబిడ్డలా కాపాడుకుంటోంది.

ల్యాబులో నీళ్ళు రాని రోజున ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలను ఇంటికి తెచ్చి, పొద్దున కడుక్కుందామని సింకు పక్కన పెట్టింది. తీరా లేచి చూస్తే సగం డబ్బాలు అత్తగారు కడిగేసి, తుడిచి బోర్లించి ఉంచింది. పనిలో మునిగిన కోడలికి ప్రాణం లేచొచ్చింది. దేనితో తోమారని అడగాలని తోచనే లేదు. ఉన్న మట్టంతా ఆ డబ్బాల్లోనే ఆరబెట్టి, నూరి, అయస్కాంత గుణం కొలిచే మెషీన్‌లో పెట్టింది.

మెషీన్ ఇనుమే ఇనుమంది. ఏ నదీ అంత తేలేదు. మైక్రోస్కోప్ కింద మెలికలు తిరిగిన సన్నటి పోగు మెరిసింది. దాన్ని కోడలు రోజూ అంట్ల దగ్గర చూస్తూనే ఉంది.

సంగతి విని పరిశోధన గైడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోగులైతే ఏరతాం. నూరాక పొడైపోయిందే, దాన్నేం చేస్తాం? అయస్కాంతం పెట్టి లాగితే నీ నది కూడా దాంతోపాటే వచ్చేస్తుందమ్మా," అన్నాడాయన.

బస్సులో దారి పొడుగునా కోడలు మాటలు కూడదీసుకుంది. చెబితే అత్తగారు బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. చెప్పకపోతే తనొక్కతే కుమలాలి. కక్కలేక మింగలేక ఇల్లు చేరింది.

తలుపు తీస్తూనే అత్తగారు, నీ మట్టి పుట్టిల్లేదో తేలిందా అని అడిగింది. ఇంకా లేదంది కోడలు. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. మిగతా డబ్బాలన్నీ తువ్వాలు మీద వరసగా ఆరుతున్నాయి.

"మొన్న మరకలు సరిగ్గా పోలేదు తల్లీ, నాకే నచ్చలేదు. ఈసారి కొత్త ఇనప పీచు తీశాను. నీ చదువులో నాదీ ఓ చెయ్యి ఉండొద్దూ?"

కోడలు ఒక డబ్బా అందుకుని దీపం వెలుగులోకి ఎత్తి చూసింది. మరక లేదు, నిండా సన్నటి గీతలు.

"చాలా బాగా తోమారు అత్తయ్యా," అంది. అందులో పెట్టడానికి ఇక చిటికెడు మట్టి కూడా లేదు.