పిండిమర దూలం

మా పిండిమరలో ఇనుప దూలం బాగా కిందికి ఉంటుంది. కొత్తవాళ్ళకి నుదురు బొప్పి కడుతుంది. మాకు మాత్రం అక్కడికి రాగానే మెడ దానంతట అదే పక్కకి వంగుతుంది.

మా అక్క కూతురు బరువులెత్తడం నేర్చుకున్నది ఆ దూలం కిందే. ముందు మర, వెనక బస్తాలు, ఇక జాగా ఏదీ. మనిషి పిడికెడు, ఎత్తేది కొండంత. అందుకని దాన్ని చీమ అంటాం.

జట్టు ఎంపిక రోజున మా అమ్మ, మా ఆవిడ, నేను ముందు వరసలో కూర్చున్నాం. మోకాలు వంచకుండా భుజాల మీది బార్‌ను తలపైకి నెట్టి, తీర్పు చెప్పే పెద్దాయన చెయ్యి దించేదాకా నిలపాలి. మూడుసార్లు ఎత్తనిస్తారు. ఒక్కసారి నిలిపినా చోటు ఖాయం. వచ్చే ఏటికి చీమకి వయసు దాటిపోతుంది.

మొదటిసారి బార్ ముక్కు దాకా చక్కగా లేచి, అక్కడినుంచి ముందుకి జారింది.  కింద పడింది.

జట్టుకి నేర్పే మాస్టారు దగ్గరికి వచ్చాడు. "నిండు బకెట్ ఒంటికి ఆనించి మోస్తావా, చెయ్యి చాచి మోస్తావా? బార్ జానెడు ముందుకి పోయిందంటే భుజానికి రెట్టింపు చాకిరీ. గడ్డం వెనక్కి లాగు. ముఖం రాసుకుంటూ పోవాలి. నుదురు దాటగానే తల దాని కిందికి తొయ్యి. బరువు పాదం నడిమికి సూటిగా ఉండాలి. ముందుకెందుకు పంపిస్తున్నావమ్మా?"

"నేను పంపట్లేదు మాస్టారూ. అదే పోతోంది."

"మా పిల్లీ ఇంతే," అంది అమ్మ. "పాలగిన్నె దానంతట అదే ఖాళీ అయిందంటుంది."

రెండోసారీ అక్కడే, అలాగే పోయింది. చీమ ముఖంలో నెత్తురు లేదు. మాస్టారు మాత్రం ఈసారి బార్‌ని కాదు, మమ్మల్ని చూస్తున్నాడు. నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

"అది ఎత్తగానే మీ ముగ్గురూ తలలు వంచారెందుకు?"

"వంచామా?" అంది మా ఆవిడ.

"వంచారు. ముగ్గురూ ఎడమపక్కకే."

"దూలం తగలదూ మరి," అని అమ్మ పైకి చూసి ఆగిపోయింది. పైకప్పు ఎక్కడో ఉంది. పిచ్చుక ఒకటి దాని కింద తీరిగ్గా తిరుగుతోంది.

"ఏ దూలం?"

సంగతి నేనే చెప్పాను. మరలో దూలం తగలకుండా ముందుకి నెట్టీ నెట్టీ చీమకి అదే దారి అయిపోయిందని. రోజుకి నేను మాట్లాడేది అంతే ఉంటుంది. మాస్టారు బల్లమీద కూలబడి, ముఖం తుడుచుకుని, చీమ దగ్గరికి వెళ్ళి దాని గడ్డం పైకెత్తాడు.

"పైన ఏముంది?"

"పిచ్చుక."

"దానికి తగిలేంత పొడుగున్నావా?"

చీమ మావైపు చూసింది. పెదవులు వంకర్లు తిరగడం మొదలైంది. అప్పుడే పేరు పిలిచారు.

మోచేతులు బార్ కిందికి తెచ్చుకుంది. గడ్డం లాగింది. బార్ ముక్కు పక్కనుంచి, నుదురు పక్కనుంచి గోడకి సున్నం గీత గీసినట్టు లేచింది. తల కిటికీలోంచి వీధి చూసినట్టు ముందుకి వచ్చింది. చేతులు నిలబడ్డాయి. ఇక పెద్దాయన చెయ్యి దించడమే తరువాయి.

నవ్వు అప్పుడొచ్చింది దానికి. పొట్ట అదిరింది, బార్ చివరి బిళ్ళలు గలగలమన్నాయి. నడుము వెనక్కి వంగబోయింది.

"పొట్ట బిగించు. ఇంటికెళ్ళి నవ్వుదువుగాని," అన్నాడు మాస్టారు, తనే నవ్వుతూ.

అమ్మ చేతిసంచిలో ముఖం దాచుకుంది. చీమ బుగ్గలు పూరించి, కళ్ళనీళ్ళతో, గోడలా బిగుసుకుని నిలబడింది. పెద్దాయన చెయ్యి దిగింది. బార్ వదిలేసి అక్కడే చతికిలబడి నవ్విన నవ్వుకి, పెద్దాయన కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రం మర దగ్గర పిండికి వచ్చినవాళ్ళు పట్టుబట్టారు. "ఎలా ఎత్తావే, ఉత్త బార్‌తో అయినా చూపించు."

చీమ తన జాగాలో నిలబడింది. గడ్డం లాగింది. నాకు తట్టింది, కానీ నోరు విప్పడం నాకెప్పుడూ ఆలస్యమే. ఎందుకైనా మంచిదని తల వంచాను. అమ్మా, మా ఆవిడా అప్పటికే వంచారు.

ఠంగుమంది. ఏళ్ళ తరబడి దూలం మీద పేరుకున్న పిండి ఒక్కసారిగా దిగింది. మనుషులంతా తెల్లబడ్డారు. ఎవరు ఎవరో తెలియలేదు.

అమ్మ కనురెప్పలు తుడుచుకుని, దూలాన్ని చూసి, చీమని చూసింది.

"సూటిగానే పోయిందే," అంది.