చెయ్యెత్తే ఓటు

నగరి మరమగ్గాల సంఘంలో ఎన్నిక జరిపించమని అధ్యక్షుడు కోదండం తనంతట తానే భువనేశ్వరిని పిలిపించాడు. తిరుమలయ్య కూతురే గదా, పుత్తూరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునే పిల్ల, లేచిన చేతులు లెక్కపెట్టి పోతుందిలే అనుకున్నాడు. పిలిచి మరీ కొరివితో తల గోక్కున్నాడు, మహానుభావుడు!

ఆ సంఘంలో ఓటంటే చెయ్యెత్తడమే. కోదండం ఎదురుగా కూర్చుని ఒక్కొక్క చెయ్యినీ చూసుకునేవాడు. ఎత్తనివాడికి ఆ తర్వాత నూలు అందేది కాదు. ఎవరికెంత నూలు పోతోందని ఒకసారి తిరుమలయ్య సభలో అడిగాడు. ఆయన్ని మాట్లాడనివ్వకుండా మైకు లాక్కుని, అందరిచేతా చేతులెత్తించి, సంఘంలోంచి గెంటేశారు. ఆయన మగ్గాలు మూలపడ్డాయి. ఆ దిగులుతోనే ఏడాది తిరక్కుండా పోయాడు. అప్పుడు భువనేశ్వరి తిరుపతి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆనాటి నుంచీ ఆమె కడుపు రగులుతూనే ఉంది. కోదండం మొహం మాడిపోవడం తన కళ్లతో చూడాలి, అంతే.

సభలో ఆమె చీటీలు పంచి, మూలన ఒక చీర అడ్డం కట్టించింది.

"ఇదేంది అమ్మణ్ణీ, కొత్తగా?" అన్నాడు కోదండం.

"కొత్తదేం కాదు మామా, రెండు వేల ఏండ్ల నాటిది. రోములో కూడా మొదట్లో అందరి ముందరా నోటితోనే ఓటు చెప్తా ఉన్నారు. పెద్దోళ్లు గుడ్లురిమి సూస్తా ఉంటే జనం మనసులో మాట చెప్తారా? అందుకే పలక మీద రాసి చాటుగా వేసే చట్టం తెచ్చుకున్నారు. దేశానికంతా పనికొచ్చిన పద్ధతి మన సంఘానికి పనికిరాదా?"

కోదండం మైకు కోసం చెయ్యి చాపాడు. ఇవ్వకూడదనే అనిపించింది ఆమెకు. నాయనకిచ్చారా వీళ్లు? కానీ రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పరాదన్నదీ ఆ పాతకాలం వాళ్ల దగ్గర నేర్చిందే, క్లాసులో ఏండ్ల తరబడి చెప్పింది తనే. పండ్లు కొరుక్కుంటూ ఇచ్చింది.

"సూడండప్పా, నా మీద పగ పెట్టుకోని ఆడతా ఉండాది ఈ బిడ్డ. వాళ్ల నాయన్ని గెంటేసేదానికి మొదట లేసిన చెయ్యి ఎవురిదో అడగండి. వాళ్లమ్మది!"

ఈ సంగతి భువనేశ్వరికి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. సొంత మగ్గం ఉన్న సభ్యురాలు వసంతమ్మ, ఆమె తల్లి, ముందు వరుసలోంచి లేచింది.

"అవును, ఎత్తినాను. నువ్వు నన్నే సూస్తా ఉంటివి గదన్నా. నా మగ్గం కూడా నిలిచిపోతే బిడ్డ చదువు యాడ సాగుతుందని ఎత్తినాను. ఇప్పుడు సూడు, కనిపిస్తే!"

చీటీ తీసుకుని చీర చాటుకు పోయింది. ఆమె వెనకాలే అందరూ వరుస కట్టారు. కోదండం మెడ సాచి సాచి చూశాడు, చీర తప్ప ఏమీ కనిపించలేదు.

సాయంత్రానికి చిత్తుచిత్తుగా ఓడిపోయాడు. మాడిపోయిన ఆ మొహాన్ని భువనేశ్వరి తనివితీరా చూసింది. కసి తీరింది. ఇంటికి పోయేటప్పుడు రోడ్డు దాటడానికి వసంతమ్మ చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి భువనేశ్వరికి మనసు రాలేదు.