ఉప్పు చూడని కూర

పనసకాయ జిగురు అంటకుండా చేతులకి నూనె రాసుకుంటుంటే నా కొడుకు కృష్ణతేజ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "నువ్వు తినక్కర్లేదమ్మా, వండితే చాలు" అన్నాడు. చాలా మంచివాడు నా కొడుకు. అచ్చం వాళ్ల నాన్నే.

ఇవాళ ఆయన సంస్మరణ సభ. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా రిటైరైన మా ఆయన జగన్మోహనరావుగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయనతో పనిచేసినవాళ్లంతా అమలాపురంలో మా ఇంట్లోనే సభ పెట్టుకుని, ఇక్కడే భోంచేస్తామన్నారు. ఆయనకి ఇష్టమైన ఆవపెట్టిన పనసపొట్టు కూర లేకపోతే ఎలా అంటూ కృష్ణతేజే కాయ తెచ్చాడు. బజార్లో కొట్టి అమ్మే పొట్టు ఈ గడప తొక్కలేదు. అందులో ముళ్ల చెక్కు కూడా కలిపేస్తారని ఆయనకి అనుమానం. అందుకని కాపురానికొచ్చిన నాటి నుంచీ కాయ చెక్కడం, కత్తితో సన్నగా పొట్టు కొట్టడం నా పనే. ఆ మర్నాడు జడ వేసుకోవడానికి భుజం లేచేది కాదు. "నీ చేతిలో ఏముందోగానీ!" అనేవారు తింటూ. చేతిలో నొప్పి ఉందని నేనెప్పుడూ అనలేదు.

ఆయన్ని ఒక్క మాట అనడానికి నాకు చోటు దొరకదు. తాగలేదు, అరవలేదు, కాంట్రాక్టర్లు ఇచ్చే టీ కూడా ముట్టలేదు. కడుపు మాడినా ఇంటి అన్నమే, అదీ నేను వండిందే. ఎంత అదృష్టవంతురాలివే అన్నారంతా. మా అమ్మ రాజోల్లో మంచం పట్టి, ఇవాళో రేపో అన్నట్టున్నప్పుడు వెళ్లాను. మధ్యాహ్నం ఫోన్ చేశారు. కోపంగా కాదు, ఎంతో మెత్తగా. "నా గురించి బెంగపెట్టుకోకు. అటుకులు నానేసుకుని తిని పడుకుంటాలే. మీ అమ్మగారిని చూసుకో" అన్నారు. రమ్మని అనలేదు. సాయంత్రం బస్సుకి వచ్చేసి కుక్కరు పెట్టాను. తెల్లారేసరికి అమ్మ పోయింది. ఆయన నాకంటే ఎక్కువ ఏడ్చారు. అంతలా ఏడ్చిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోను? కాస్త చెడ్డవాడైనా బావుండేది, తిట్టుకునైనా బతికేదాన్ని.

మొన్న మాఘమాసంలో కృష్ణతేజ నన్ను కాశీ తీసుకెళ్లాడు. గంగ ఒడ్డున పంతులుగారు, "అమ్మా, తమకి బాగా ఇష్టమైన కూర ఒకటి చెప్పండి. అయ్యగారి పేరున ఇక్కడ వదిలేద్దురుగాని. మళ్లీ నోట పెట్టకూడదు" అన్నారు. నీకేది ఇష్టమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పంతులుగారే. అదీ వదిలేయమనడానికి. నేనింకా వెతుక్కుంటూ ఉండగానే కృష్ణతేజ, "అమ్మకి పనసపొట్టంటే ప్రాణమండీ" అనేశాడు. ఆ కూర నాకు ఏనాడూ ఇష్టం లేదు. అయినా కాదనలేదు. పీడా పోయిందనుకుంటూ గంగలో మునిగాను. నా వెర్రి గానీ, వదిలింది తినడమే, వండడం కాదని ఇవాళ తెలిసింది.

పొట్టు ఉడికించి, చింతపండు పులుసు పోసి, పోపు పెట్టి, దింపాక ఆవముద్ద కలిపాను. ఇక ఉప్పు చూడాలి. నేను నోట పెట్టడానికి వీల్లేదు. కోడలు దుర్గాశ్రీని పిలవచ్చు. పిలవలేదు. డబ్బా మూత తీసి, వేసిన ఉప్పు మీద ఇంకో గుప్పెడు వేసి కలిపేశాను. ఒక్కరైనా ముఖం చిట్లించి, ఏమైందమ్మా నీకు అని అడక్కపోతారా అని ఆశ.

పంక్తిలో మొదటి ముద్ద తినగానే శివనాగరాజుగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఆయన దగ్గర పనిచేసిన మనిషే. "ఆయ్, అచ్చం సారున్నప్పటి రుచేనండీ అమ్మగారూ! శివారు పొలాలకి నీళ్లందేదాకా కాలవ లాకుల కాడే నిలబడేవోరండి. భోజనానికి మాత్రం జీపు ఇంటికే తిప్పేవోరు. మీరంటే అంత ప్రేమండీ ఆయనకి" అన్నారు. అందరూ తలలూపారు. మారు వడ్డించమన్నారు. కృష్ణతేజ గిన్నె అడుగు దాకా ఊడ్చుకున్నాడు.

నా ఉప్పు కూడా ఆయన ఖాతాలోకే పోయింది.

దుర్గాశ్రీ ఒక్కతే గ్లాసు మీద గ్లాసు మంచినీళ్లు తాగింది. అందరూ వెళ్లాక ఎంగిలి గిన్నెలు దొడ్లో పెడుతూ నా వైపు అదోలా చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అత్తయ్యగారూ, అసలు మీకు ఏ కూర ఇష్టమండీ?"

నా బదులు చెప్పడానికి పక్కన కొడుకు లేడు. ఎంత వెతికినా ఆయనకి ఇష్టమైనవీ, కృష్ణతేజకి ఇష్టమైనవే తగిలాయి. ఏడుపొచ్చింది. రాజోల్లో మా అక్కయ్య ఉంది. చిన్నప్పుడు ఏ కూర చేసిన రోజున నేను మారు అన్నం పెట్టించుకునేదాన్నో అక్కయ్యకైనా గుర్తుండచ్చు.

"రేపు రాజోలు వెళ్తానమ్మా" అన్నాను. "సాయంత్రం బస్సుకి రాను."