ఆరో అంతస్తు గుంజలు

ఎగ్లోఫ్ అభ్యంతరం ఇంకా రాలేదు.

గ్రూనెబాఖ్ నగర ప్రణాళిక ఆఫీసులో అది చిన్న విషయం కాదు. ఆ ఊళ్ళో సైకిళ్ళకు రేకుల షెడ్డు వేద్దామన్నా ఎగ్లోఫ్ అభ్యంతరం వచ్చేది. బడి గోడకు పసుపు రంగు వేస్తామంటే వచ్చింది. పార్కులో బల్లను ఇటు నుంచి అటు తిప్పుతామంటే కూడా వచ్చింది. రైల్వేలో టైంటేబుళ్ళు తయారుచేసి రిటైరైన మనిషి. రైళ్ళు చేజారాక ఊరిని నడపడం మొదలుపెట్టాడని ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు. అలాంటివాడు, తన బాల్కనీకి సరిగ్గా ఎదురుగా నగరపాలక సంస్థ ఆరంతస్తుల ఇల్లు కడతానంటుంటే కిక్కురుమనలేదు. సోమవారంతో అభ్యంతరాల గడువు అయిపోతుంది. ఇవాళ శుక్రవారం.

"రాకపోతే సంతోషించక ఆ ఏడుపు మొహమేమిటి?" అన్నాడు రెటో. నిర్మాణ శాఖకు అతనే పెద్ద. జనం ఓట్లేసి కూర్చోబెట్టిన మనిషి. వసంతంలో మళ్ళీ ఎన్నికలు.

"జబ్బు చేసిందేమో," అంది రెగులా జెల్గర్.

"చేస్తే పూలు పంపుదాం. నువ్వు మాత్రం పోయి గుర్తు చేయకు."

రెగులాకు యాభై దాటాయి. జీవితంలో సగం ఆ ఆఫీసు కిటికీ పక్కనే గడిచింది. ఆమె గీసినవాటిలో కట్టినవి తక్కువ, కట్టకుండా బీరువాలో మగ్గినవి ఎక్కువ. ఈ ఒక్క ఇంటిని మాత్రం పట్టుకుని వదల్లేదు. స్టేషను వెనక పాత కార్మికుల ఇళ్ళు యజమాని అమ్మేశాడు. వచ్చే ఏడు వాటిని కూల్చేస్తారు. ఆస్పత్రి బట్టలుతికేవాళ్ళు, బస్సులు నడిపేవాళ్ళు, తెల్లవారకముందే లేచి ఊరికి రొట్టెలు కాల్చేవాళ్ళు అక్కడుంటారు. వాళ్ళు లేకపోతే ఊరు ఒక్క పూట నడవదు. వాళ్ళుండటానికి మాత్రం ఊళ్ళో చోటు లేదు. ఐదంతస్తుల్లో అందరూ పట్టలేదని రెగులా చివర్లో ఆరోది వేసింది. దానికి అందరినీ ఒప్పించడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కిందో, ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలుసు.

అందుకే రెటో మాట చెవిన వేసుకోకుండా మధ్యాహ్నం ఎగ్లోఫ్ ఇంటికి బయలుదేరింది. శత్రువు చప్పుడు చేయకుండా కూర్చుంటే ఆమెకు నిద్ర పట్టదు.

ఎగ్లోఫ్ తలుపు తీసి నిండుగా నవ్వాడు. ఆ మొహం మీద నవ్వు చూడటం రెగులాకు అదే మొదలు.

"రండి, రండి జెల్గర్ గారూ! మీకోసం కాఫీ పెడతాను. బాల్కనీలో కూర్చుందాం. మా చెల్లెలు అక్రోటు కేకు పంపింది, మీ అదృష్టం."

అతని ఇల్లు మెరక మీద ఉంది. వీధికి అవతల, పల్లంలో, కట్టబోయే ఇంటి గుంజలు నిలబడి ఉన్నాయి. ఆ దేశంలో ఇల్లు లేవకముందే దాని ఆకారం గాలిలో లేవాలి. నాలుగు మూలలా సన్నటి ఇనుప గుంజలు పాతి, కప్పు ఎక్కడికి వస్తుందో అక్కడ అడ్డకర్రలు బిగిస్తారు. గడువు తీరేదాకా అవి అలా నిలబడే ఉండాలి. అసలు ప్లానులు ఆఫీసు వరండాలో అందరికీ కనపడేట్టే పెడతారు. వాటి మొహం చూసేవాడుండడు. జనం చూసేది గుంజల్నే. గుంజలు చూసే కోపం తెచ్చుకుంటారు, గుంజలు చూసే ఊరుకుంటారు.

"ఇన్నేళ్ళుగా మీ ఆఫీసును తిట్టిపోశాను," అన్నాడు ఎగ్లోఫ్ కాఫీ అందిస్తూ. "ఉన్నమాట ఒప్పుకుంటాను, ఈసారి పెద్దమనిషి పని చేశారు. నా కొండలు నాకు వదిలేశారు."

రెగులా తలెత్తి చూసింది. గుంజల కొసల మీదుగా జంట కొండలు నిండుగా, మంచు టోపీలతో సహా కనపడుతున్నాయి.

ఈ బాల్కనీలోంచి ఏం కనపడుతుందో ఆమె ముందే గీసి పెట్టుకుంది, ఎగ్లోఫ్‌తో పోట్లాడాల్సి వస్తుందని. ఆ బొమ్మలో కొండలు లేవు. ఆరో అంతస్తు వెనక పూర్తిగా మునిగిపోయాయి.

"ఏమిటి, కేకు బాగోలేదా?"

"బాగుంది," అంది రెగులా. కేకు పళ్ళెం మీదికి తల వంచింది. ఎగ్లోఫ్ దాన్ని వినయం అనుకుని ఇంకో ముక్క కోసి పెట్టాడు.

వీధిలోకి రాగానే గుంజలు పాతే సెప్‌కు ఫోన్ చేసింది.

"సెప్, నువ్వు ఏ బొమ్మ చూసి పాతావు?"

"మీరు పంపిందే చూసి. ఐదంతస్తులది."

"ఆరంతస్తులది రాలేదా?"

"నాకు రాలేదు మరి. ఎండాకాలంలో మీరే ముందుగా పంపారు కదా, మా దగ్గర వరుస ఎక్కువుంటుందని. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఏం, తప్పయిందా?"

అయింది. ఎవరి తప్పో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. వరుసలో చోటు పోతుందని తొందరపడి పాత బొమ్మ పంపింది తనే. ఆరో అంతస్తు కోసం ఊరంతా తిరిగిన హడావుడిలో కొత్తది పంపడం మరిచిందీ తనే.

రెగులా ఆఫీసుకు వెళ్ళి రెటోకు మొత్తం చెప్పింది. అతను లేచి తలుపు వేసి వచ్చాడు.

"వరండాలో అసలు ప్లాను ఉందా లేదా?"

"ఉంది."

"ఆరంతస్తులని రాసి ఉందా?"

"ఉంది."

"ఇంకేం? చూసుకోవాల్సింది వాళ్ళు. మనం దాచామా?"

"గుంజలు దాచాయి."

"గుంజలకు నోరుంటుందా, రెగులా?"

"ఉండబట్టే పాతుతున్నాం. సగం గోడలు లేచాక ఎగ్లోఫ్ బాల్కనీలోకి వచ్చి చూస్తాడు. చూసి కోర్టుకెళ్తాడు. ఒక్క పూటలో పని ఆగిపోతుంది. అప్పుడు పాత ఇళ్ళు కూలిపోయి ఉంటాయి, కొత్తవి లేచి ఉండవు. ఆ జనాన్ని ఎక్కడ పెడతావు?"

"అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం."

"అప్పుడు నువ్వు ఈ కుర్చీలో ఉంటావో లేదో. నేను మాత్రం ఆ కిటికీ పక్కనే ఉంటాను."

రెటో మొహం ఎర్రబడింది. "అంత భయమైతే ఐదంతస్తులే కట్టు. గోల వదులుతుంది."

"ఆరు కుటుంబాలు వీధిన పడతాయి."

"ఆరు కుటుంబాలు. పరాయి దేశాల వాళ్ళు, ఇక్కడ ఓట్లయినా లేవు," అన్నాడు రెటో. అనేశాక, ఆ మాట బయటికి వచ్చినందుకు కొంచెం సిగ్గుపడ్డట్టు బల్ల మీది పెన్ను సర్దాడు.

"అభ్యంతరాలు అడుగుతూ వేసిన ప్రకటన సోమవారం పొద్దున వెనక్కి తీసుకుంటున్నాను," అంది రెగులా. "గుంజలు ఆరో అంతస్తు దాకా లేపుతాను. మళ్ళీ కొత్త గడువు. కావాలంటే తప్పు నాదని పేపరు వాళ్ళకు చెప్పుకో."

"చెప్పక? నా నెత్తిన వేసుకుంటానా?"

ఎగ్లోఫ్ కన్నా, రెటో కన్నా, ఆమెకు భయం వేసింది ద్రీతా దగ్గరికి వెళ్ళడానికి. ద్రీతా ఆస్పత్రి బట్టలుతికే చోట పనిచేస్తుంది. కొసోవో దేశం నుంచి చిన్నపిల్లగా వచ్చి, పాత కార్మికుల ఇళ్ళలోనే పెరిగి, పెళ్ళాడి, పిల్లల్ని కని, ఇప్పుడు అక్కడివాళ్ళందరి తరఫునా మాట్లాడుతుంది. ఆరో అంతస్తులో ఒక ఇల్లు ఆమెది. రెగులా గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పింది. ద్రీతా చేతిలో తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది.

"ముసలాయన సంతోషంగా ఉన్నాడు. మీ పెద్దాయన సంతోషంగా ఉన్నాడు. మేమూ సంతోషంగా ఉన్నాం. మధ్యలో మీకేం పుట్టిందమ్మా?"

"ఇప్పుడు సర్దుకోకపోతే తర్వాత మొత్తం కూలుతుంది."

"తర్వాత! మాకు మీరు చెప్పేదెప్పుడూ తర్వాతే. మీ నిజాయితీకి అద్దె మేం కట్టాలా?"

రెగులా గుమ్మంలోంచి కదల్లేదు.

"ఒక్క ఇల్లు కూడా తగ్గనివ్వను," అంది.

"మాటేనా?"

"మాటే."

"చూద్దాం. మీ ఊళ్ళో మాటలక్కూడా గడువుంటుంది కదా," అని ద్రీతా తలుపు వేసేసింది.

శని, ఆదివారాలు రెగులా ఇంట్లో వంటబల్ల మీద కాగితాలు పరిచి కూర్చుంది. ఆరో అంతస్తును పడమటి చివర కొంత వెనక్కి లాగి, అక్కడ బట్టలారేసుకునే డాబా వదిలితే ఒక కొండైనా బతుకుతుంది. లాగినకొద్దీ ఇళ్ళు ఇరుకవుతాయి. ఎక్కడిదాకా లాగొచ్చో ఒక హద్దు గీసుకుంది. ఆ హద్దు దాటితే ఆరిళ్ళు ఐదవుతాయి. ఆ గీత ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు.

సోమవారం సెప్ మనుషులు వచ్చి గుంజలకు గుంజలు అతికించి పైకి లేపారు. పని ఇంకా పూర్తి కాకముందే ఫోన్ మోగింది.

"దొంగతనం!" అని అరిచాడు ఎగ్లోఫ్. "నా చేతి కాఫీ తాగి, నా కేకు తిని, నా కళ్ళముందే కొండలెత్తుకుపోతారా?"

"తప్పు జరిగింది. నాదే. మీ ఇంట్లో కూర్చున్నప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు."

"ఏ కోర్టు దాకైనా వెళ్తాను."

"వెళ్ళండి. దానికి ముందు గురువారం మీ బాల్కనీలో నిలబడండి. నేను కిందుంటాను. తిట్టాలనుకున్నదంతా అక్కణ్ణించే తిట్టండి, అందరూ వింటారు."

కోర్టుకు ముందు స్థలం దగ్గర ఒకసారి మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. గురువారం వాన పడింది. రెటో రాలేదు, ఏదో మీటింగు ఉందట. ద్రీతా పని దుస్తుల మీదే వచ్చింది, వెనక పాత ఇళ్ళవాళ్ళు గొడుగులేసుకుని నిలబడ్డారు. సెప్ క్రేను బుట్టలో నిలబడి పైన అడ్డకర్ర పట్టుకున్నాడు. ఎగ్లోఫ్ బాల్కనీలో రైల్వే వాన కోటు తొడుక్కుని రెండు చేతులూ కమ్మీ మీద ఆనించాడు.

"పడమటి మూల వెనక్కి లాగు సెప్!" అని కేకేసింది రెగులా. "ఏమైనా కనపడుతోందా, ఎగ్లోఫ్ గారూ?"

"మబ్బు కనపడుతోంది!"

కింద జనం నవ్వారు. సెప్ ఇంకొంచెం లాగాడు. కాసేపటికి మబ్బు పక్కకు తొలగింది.

"కుడి కొండ వచ్చింది," అన్నాడు ఎగ్లోఫ్, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. "ఎడమది ముక్కు మాత్రమే ఉంది. ఇంకా లాగండి."

సెప్ లాగాడు.

"ఇంకా!"

"ఇంక జరగదు," అంది రెగులా.

"ఎందుకు జరగదు? చోటుంది కదా!"

"అడుగు జరిగితే ఒక ఇల్లు పోతుంది."

"పోతే?"

"పోతే అది నా ఇల్లు తాతా!" అని ద్రీతా అరిచింది. "మీ ఇంట్లో గది ఖాళీ ఉంటే చెప్పండి, ఇవాళే మంచం తెచ్చుకుంటాను. మొగుడూ ఇద్దరు పిల్లలూ అదనం!"

"నేను నీకు తాతనా?"

"ఎదురింట్లోకి వస్తే అంతే కదా!"

ఎగ్లోఫ్ ఆమెనూ, గుంజల్నీ, మళ్ళీ ఆమెనూ చూశాడు. బహుశా ఆ ఇంట్లో ఉండబోయే మనిషి మొహం చూడటం అదే మొదలు. ఇన్నేళ్ళూ అతను పోట్లాడింది కాగితాలతోనే.

"నేను కోర్టుకెళ్తే?" అన్నాడు రెగులాతో.

"రెండేళ్ళు పట్టొచ్చు. గెలవనూవచ్చు. తేలేదాకా ఈ గుంజల్ని మాత్రం నేను దింపను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఎదురుగా చూసుకోండి."

"మొండిఘటం."

"మీతో ఇన్నేళ్ళు వేగాను కదా."

వాన కమ్మీ మీద టపటప కొడుతోంది. ఎగ్లోఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఎడమ కొండ ముక్కు వైపు చాలాసేపు చూశాడు.

"అభ్యంతరం రాస్తాను," అన్నాడు చివరికి. రెగులా పైకి చూసింది. "ఆ బట్టలారేసే డాబా మీద. ఆదివారం అక్కడ గుడ్డలు వేలాడకూడదు. నా ఎదురుగా వేలాడే లోదుస్తులు చూస్తూ చర్చి పాటలు వినలేను. అది రాసిస్తే మిగతాది మీ చావు మీరు చావండి."

"వారమంతా మీ ఊరి దుప్పట్లు ఉతికి చస్తున్నాను," అంది ద్రీతా. "ఆదివారం నా గుడ్డల మొహం కూడా చూడను. రాసుకోండి!"

బాల్కనీ తలుపు మూసుకుంది. సెప్ అడ్డకర్ర అక్కడే పెట్టి బోల్టు బిగించడం మొదలుపెట్టాడు. రెగులా తడిసిన బొమ్మ మీద ఆ చోటును గుర్తు పెట్టుకుంటుంటే ద్రీతా దగ్గరికి వచ్చి భుజం మీదుగా చూసింది.

"ఇదేనా మా గది?"

"ఇదే."

"అప్పుడు చూపించిందానికన్నా చిన్నదయింది."

"అయింది," అంది రెగులా. "వంటిల్లు కూడా కొంచెం తగ్గింది. కొత్త ప్రకటన రేపే వేస్తున్నాను. ఇంకెవరైనా అడ్డం రావొచ్చు. వస్తే వాళ్ళ బాల్కనీల కిందా నిలబడతాను."

ద్రీతా ఆ మాటలు విన్నట్టు లేదు. తడి కాగితం మీద వేలు పెట్టి, గోడ నుంచి కిటికీ దాకా జరిపి చూసుకుంటోంది.

"పిల్లలకు రెండు మంచాలు పడతాయా?"

"ఒకదాని మీద ఒకటి వేస్తే పడతాయి."

"మావాళ్ళు ఎలాగూ పైమంచం కోసమే కొట్టుకుంటారు," అంది ద్రీతా. "కట్టండి."