ఇద్దరు వియ్యంకులూ ఒక సెన్సరూ

మనవరాలు పుట్టిందని తెలిసి దర్జీ, తన చేతిలో ఉన్న బట్టలన్నీ కుట్టి ఇచ్చేసి, కొట్టుకు తాళం వేసి వియ్యంకుడి ఇంటికి వచ్చాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం. పాపను చూసుకుని, సెలవు అయిపోయి మళ్ళీ వెళ్ళిపోయాడు.

వియ్యంకుడు ఒకప్పుడు బేకరీ నడిపినవాడు. మనిషి భారీగా ఉంటాడు, మాట ఇంకా భారీగా ఉంటుంది. ఆయన భార్యకు మర్యాద ఎక్కువ. దర్జీ టీ తాగిన గ్లాసు కడగబోతే చాలు, "అయ్యో, మీరు కూర్చోండి అన్నయ్యగారూ!" అని లాక్కునేది. అలా కూర్చుని కూర్చుని ఆయనకు విసుగెత్తింది. చిన్నప్పటి నుంచి సూదీ దారంతో తీరిక లేని చేతులవి. వాటినిప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అలాంటి సమయంలో కారు మొండికేసింది.

పాపను డాక్టరుకు చూపించే రోజు దగ్గరపడుతోంది. కారేమో తాళం తిప్పగానే దగ్గి ఊరుకునేది. ఎలాగో కదిలితే వెనకాల నల్లటి పొగ. ఇంజను చల్లగా ఉన్నా సరే, ముందున్న ఫ్యాను హోరుమని తిరుగుతూనే ఉండేది. వేడి చూపించే ముల్లు మాత్రం అడుగున పడుకుని లేచేది కాదు. బేకరీ బావగారు బానెట్ ఎత్తి నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"మీకేమైనా తెలుసా బావగారూ?"

"నాకు తెలిసిన మిషను ఒక్కటే, దానికి పెట్రోలు అక్కర్లేదు," అన్నాడు దర్జీ.

"నాకూ అంతే. అయితే ఇద్దరం సమానమే, పదండి."

రెండు వీధుల అవతల స్పేర్ పార్ట్స్ కొట్టు ఉంది. దాన్ని నడిపే ఆవిడ వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా విని, బొటనవేలంత ఇత్తడి ముక్కను తీసి బల్ల మీద పెట్టింది. ఒక కొసన మరలున్నాయి, రెండో కొసన ప్లాస్టిక్ క్లిప్పు పట్టే చోటుంది.

"ఇది సెన్సరండీ. ఇంజను చుట్టూ తిరిగే కూలెంట్ ఎంత వేడెక్కిందో కనిపెట్టి కారులో ఉన్న కంప్యూటరుకి చెబుతుంది. ఇది పాడైపోతే కంప్యూటరు ఇంజను ఇంకా గడ్డకట్టుకుపోయి ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అందుకే ఆ పొగ. అసలు వేడెంతో తెలియక, ఎందుకైనా మంచిదని ఫ్యాను కూడా తిప్పేస్తుంది."

"మరి ఇదే పాడైందని నమ్మకమేంటమ్మా?" అడిగాడు దర్జీ.

ఆవిడకు ఆ ప్రశ్న నచ్చింది. "మంచి మాట అడిగారు. వైరు తెగినా ఇలాగే అవుతుంది. పాతది ఊడదీసి, దాని మొన నీళ్ళల్లో ముంచి, నీళ్ళు వేడి చేస్తూ, కరెంటుకు అదెంత అడ్డుపడుతుందో చూపే ఈ మీటరు పెట్టి చూడండి. వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతూ రావాలి. కొత్తది కూడా అలాగే చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీయాలి సుమా. వేడి మీద తీస్తే మొహమంతా కాలిపోతుంది."

మీటరు అరువిచ్చింది. కొత్త సెన్సరూ, దాని కిందికి రాగి వాషరూ, ఒక డబ్బా కూలెంటూ ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షెడ్డులో చేరారు. ఇంజను రాయిలా చల్లగా ఉంది. ముందు కూలెంట్ మూత తిప్పి తీశారు. సెన్సరు ఓ మూలన, రబ్బరు గొట్టం మొదట్లో దాక్కుని ఉంది. క్లిప్పు ఎంత లాగినా రాలేదు. దర్జీ గోటితో తడిమి, కింద చిన్న నాలుకలాంటిది ఉందని పట్టుకుని దాన్ని నొక్కాడు. క్లిప్పు సులువుగా చేతిలోకి వచ్చింది. బావగారు పానా వేసి సెన్సరును తిప్పాడు. అది కాస్త మొరాయించి, తర్వాత గిరగిరా తిరిగి ఊడింది. ఊడిందే తడవు, ఆ బొక్కలోంచి ఆకుపచ్చ కూలెంట్ ఆయన చొక్కా మీదికి చిమ్మింది.

"అబ్బా! మూయండి, మూయండి!"

దర్జీ బొటనవేలు అడ్డం పెట్టాడు. ధార ఆగింది.

"అలాగే పట్టుకోండి, కదలకండి. ఇప్పుడే వస్తా," అంటూ బావగారు పాత సెన్సరూ, కొత్తదీ, మీటరూ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. "ఆ గిన్నె ముట్టుకోకండి, అది టీ గిన్నె!" అన్న ఆయన భార్య కేక షెడ్డు దాకా వినిపించింది.

దర్జీ ఇంజనులో వేలు పెట్టి వంగి నిలబడ్డాడు. నడుం పట్టేస్తోంది. తల తిప్పి చూస్తే గోడవారగా పెద్ద ఓవెను కనిపించింది. పక్కన పిండి డబ్బాలు, ట్రేలు, మేకుకు వేలాడుతున్న పాత కోటు. కార్లుండే చోట రొట్టెలు కాల్చడమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

పాపను ఎత్తుకుని కూతురు వచ్చింది. తండ్రి అవస్థ చూసి ఫక్కున నవ్వింది. "ఏంటి నాన్నా అది?"

"వేలు తీస్తే వరదొస్తుంది. అవునూ, ఈ ఓవెను ఇక్కడెందుకుందే?"

కూతురు నవ్వు తగ్గించింది. పాపను భుజం మార్చుకుంది.

"కడుపుతో ఉన్నప్పుడు నాకు ఆ రొట్టెల వాసన అస్సలు పడలేదు నాన్నా. పొద్దున లేస్తే వాంతులే. నేనేం అడగలేదు. ఓ రోజు లేచి చూస్తే వంటింట్లో ఓవెనే లేదు. ఇద్దరు కూలీలను పెట్టి మామయ్య ఇక్కడికి మోయించారు. ఇప్పటికీ చుట్టుపక్కల వాళ్ళు రొట్టెలు ఆయన్నే అడుగుతారుగా. చలికాలమంతా ఆ కోటు వేసుకుని ఇక్కడే కాల్చారు. లోపలికి వచ్చే ముందు బట్టలు మార్చుకుని మరీ వచ్చేవారు."

"నాకు ఫోనులో చెప్పనేలేదే!"

"చెబితే నువ్వు కొట్టు మూసుకుని పరుగెత్తుకొస్తావని. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు నాన్నా."

పాప కళ్ళు విప్పి తాతను చూసి, నచ్చనట్టు మొహం పెట్టింది. దర్జీకి కళ్ళు తుడుచుకోవాలనిపించింది. కానీ ఒక చెయ్యి ఇంజనులో ఉంది, రెండోది గ్రీజుతో నల్లగా ఉంది. కూతురే తన కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది.

బావగారు గంతులేస్తున్నట్టు వచ్చాడు. "దొరికింది దొంగ! పాతదాన్ని ముంచితే మీటరు ఉలకలేదు, పలకలేదు. కొత్తది పెడితే, నీళ్ళు కాగేకొద్దీ అంకె దిగుతూ వచ్చింది. రండి, బిగించేద్దాం."

ఆయన లావు వేళ్ళు ఆ సందులో పట్టలేదు. దర్జీ వాషరు తొడిగి, వేలు తీస్తూనే కొత్త సెన్సరును బొక్కలో నిలబెట్టాడు. బలం చూపించకుండా, సూదిలో దారం ఎక్కించేటంత మెల్లగా తిప్పాడు. మర పట్టింది. చేత్తో తిరిగినంతా తిప్పాక పానాతో ఒక పట్టు బిగించాడు. క్లిప్పు టక్కుమని కూర్చుంది. తగ్గినంత కూలెంట్ పోసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా మూత లేకుండా ఇంజను కాసేపు తిరగనిచ్చి, మళ్ళీ కాస్త పోసి మూత బిగించారు. బానెట్ కింద ఎక్కడా చుక్క కారలేదు. నేల మీద ఒలికిందంతా గుడ్డతో తుడిచేశారు. అది విషం, వీధి పిల్లి నాకితే ప్రమాదం.

ఓ చుట్టు చుట్టి వద్దామని బయల్దేరారు. పొగ లేదు. ఇద్దరూ రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూశారు. అది మెల్లగా లేచి, మధ్య దాకా వచ్చి, అక్కడ నిలబడింది. ఇన్నాళ్ళూ చెవులు చిల్లులు పొడిచిన ఫ్యాను హోరు లేదు. కారులో నిశ్శబ్దంగా ఉంది.

"బావగారూ," అన్నాడు దర్జీ. "ఓవెను సంగతి అమ్మాయి చెప్పింది."

"ఆఁ, అదా! షెడ్డులో గాలి బాగా ఆడుతుంది."

"అలా తీసిపారేయకండి. తల్లి లేని పిల్ల. కడుపుతో ఉన్నప్పుడు ఎవరు కనిపెట్టుకుని ఉంటారోనని రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు. నేను దగ్గరుండి చేయలేనిది మీరు చేశారు. ఆ మేలు ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదు."

బావగారు బండి నెమ్మది చేసి రోడ్డు పక్కన ఆపాడు.

"నేనూ ఓ మాట చెప్పనా? అమ్మాయి రాకముందు మా ఇంట్లో అన్నాల దగ్గర మాటల్లేవండీ. నేనూ మావాడూ కంచాల్లోకి చూస్తూ తినేవాళ్ళం. వాడికీ నాకూ పడేది కాదు. ఆ పిల్ల వచ్చి, వాడిమీద చాడీలు నాకూ, నామీద చాడీలు వాడికీ చెప్పి, ఇద్దర్నీ నవ్వించింది. ఇప్పుడు వాడు ఓడ మీంచి ఫోన్ చేస్తే ముందు నన్నే అడుగుతాడు." స్టీరింగుకు అంటిన గ్రీజు మరక తుడిచాడు. "అలాంటి పిల్లను పెంచింది మీరు. నేను ఇనప డబ్బా పక్కకి జరిపానంతే."

దర్జీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులూ గ్రీజు జిడ్డే. తర్వాత మీటరు తిరిగి ఇచ్చేయడానికి కొట్టువైపు బండి తిప్పారు.

డాక్టరు దగ్గరికి అందరూ ఆ కారులోనే వెళ్ళారు. వెనక సీట్లో కూతురు తండ్రి ఒళ్ళో పాపను పడుకోబెట్టింది. పాప బరువు బాగా పెరిగిందని డాక్టరమ్మ అనగానే, తాతలిద్దరూ ఒకేసారి, "మా పోలిక!" అన్నారు.