నాలుగో కాగితం

ఎల్లన్న ఇకామా, అంటే సౌదీలో ఉండడానికిచ్చే కార్డు, గడువు తీరి అప్పటికి ఇరవై ఆరు రోజులు. కిడ్నీలో రాయి కదిలి మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. అయినా ఆస్పత్రికి వెళ్ళనంటున్నాడు. తబూక్ పోయే రోడ్డు మీద పోలీసులు బండి బండినీ ఆపుతున్నారు. కార్డు సరిగా లేనివాణ్ణి అక్కడికక్కడే వ్యానెక్కిస్తున్నారు.

“నొప్పితోని సస్త గని తర్హీల్‌ల మాత్రం కూసోను భాయ్,” అన్నాడు పళ్ళు బిగబట్టి. తర్హీల్ అంటే దేశం నుంచి వెళ్ళగొట్టేముందు మనుషుల్ని ఉంచే జైలు.

అదే గదిలో ఉండే మహబూబ్ బాషా అతనికి మాత్ర వేసి నీళ్ళు తాగించాడు. ఇంకో పన్నెండు రోజుల్లో బాషా కార్డు గడువూ తీరిపోతుంది. అది రెండువేల పదమూడు అక్టోబరు. కాగితాలు సరిచేసుకోమని సర్కారు అందరికీ ఇచ్చిన గడువు కూడా నవంబరు మొదట్లోనే ముగుస్తుంది. కొత్తగా వచ్చిన నితాకాత్ లెక్క ప్రకారం, ఈ దేశం మనుషుల్ని సరిపడా పనిలో పెట్టుకోని కంపెనీ ఎరుపులో పడుతుంది. ఎరుపులో పడిన కంపెనీలో విదేశీయుల ఇకామా కదలదు. వీళ్ళకి వీసాలిచ్చిన యజమాని, అంటే కఫీల్, పొలం ఎరుపులో ఉంది. ఎడారిలో గోధుమా పశువుల గడ్డీ పండించే ఆ పొలంలో నలభై ఒక్కమంది బయటివాళ్ళు. ఆ దేశంవాళ్ళు ముగ్గురే.

పొద్దున పదింటికి నోయెల్ కబురంపాడు. నోయెల్‌ది కాకినాడ. ఆఫీసులో మనుషుల కాగితాలన్నీ అతనే చూస్తాడు. భార్య వీణ తబూక్‌లో నర్సు. ఆమెకి ఆరో నెల.

“బాషా, బండి తియ్యి. అబూ ఫాలెహ్ దగ్గరికెళ్ళాలి. ఫోన్ చేస్తే, మహబూబ్ వచ్చి చదివితేనే వేలిముద్ర వేస్తానంటున్నాడు ఆ పెద్దాయన.”

బాషా ఆ పొలంలో నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. సొంతూరు నల్లమల అంచున ఆత్మకూరు. చిన్నప్పుడు మదర్సాలో నేర్చిన అరబ్బీ అక్షరాలకు పదకొండేళ్ళ కొలువు మాటలు కలిపింది. ఇప్పుడు ఏ కాగితమైనా కూడబలుక్కుని చదవగలడు. అబూ ఫాలెహ్ ఆస్పత్రి చీటీలు, కొడుకు బండికి పడిన జరిమానాలు అన్నీ చదివిపెట్టేది అతనే. ఆ కొడుక్కి చదువబ్బలేదు; పెద్ద కూతురు ఇన్నేళ్ళూ తబూక్‌లో ఉండి చదువుకుంది, పరాయి మగవాళ్ళ ముందుకు రాదు.

పొలం తూర్పు కంచె దాటి రెండు కిలోమీటర్లు పోతే ఆ ముసలాయన గుడారాలు, గొర్రెలు, ఒక పాత బావి. ముప్పై ఏళ్ళ కింద ఈ పొలం వచ్చినప్పుడు ఆయనవాళ్ళ మేతనేల పడమటి కొండల దాకా ఉండేదట. కంచె ఒక్కోసారి ఒక్కో అడుగు ముందుకు జరుగుతూ వచ్చింది. కంచె జరిగిన ప్రతిసారీ కొన్ని గుడారాలు లేచిపోయాయి. ఇప్పుడు మిగిలింది ఆయనా, ఇద్దరు తమ్ముళ్ళ కుటుంబాలూ.

బండి కంచె దాటాక నోయెల్ ఫైలు తెరిచాడు.

“సింపుల్ ప్రొసీజర్ బాషా. ఆయన కొడుకు పేరు, ఇద్దరు కూతుళ్ళ పేర్లు మన రోల్స్‌లో పెడతాం. ముగ్గురు సౌదీలు యాడ్ అయితే మన కలర్ గ్రీన్. నువ్వు, నేను, ఎల్లన్న, అందరి ఇకామాలూ ఈ వారంలోనే రెన్యూ.”

“వాళ్ళు పనికి వస్తారా సార్?”

“పేపర్ మీద వస్తారు. నెల నెలా ఎంతో కొంత ఇస్తారంట. అందరూ అదే చేస్తున్నారు కదా.”

“ఫైల్లో నాలుగు కాగితాలుండాయి సార్.”

నోయెల్ కిటికీ వైపు తిరిగాడు. “నాలుగోది డిక్లరేషన్. జస్ట్ ఫార్మాలిటీ. అది కూడా ఉద్యోగం కాగితమేనని చెప్పు, చాలు.”

బాషా బండి ఆపాడు. నోయెల్ ఇవ్వకముందే చేయి చాచి నాలుగో కాగితం తీసుకున్నాడు. బావి మీదా, దాని చుట్టూ ఉన్న మేతనేల మీదా తనకు గానీ తన సంతానానికి గానీ ఏ హక్కూ లేదని, ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నానని ఉంది. కింద వేలిముద్రకు గడి గీసి ఉంది.

“ఇది మీరు చదివినారా సార్?”

“ఇంగ్లీష్ కాపీ చదివాను.” నోయెల్ గొంతు తగ్గింది. “బాషా, ఇది నా ఐడియా కాదు. కఫీల్ రాయించాడు. నాలుగూ కలిపి తెస్తేనే సబ్మిట్ చేస్తానన్నాడు. వీణకి జనవరిలో డెలివరీ. నా ఇకామా పోతే దాని పరిస్థితేంటి? ఎల్లన్నని చూశావు కదా పొద్దున. నువ్వొక్క మాట మార్చి చెబితే నలభై ఒక్కమంది బతుకుతారు.”

బాషా కాగితం ఫైల్లో పెట్టేశాడు. బండి కదిలించాడు.

బాషా వాళ్ళ నాయన అడవి కంట్రాక్టరు దగ్గర రైటరుగా చేశాడు. ఒక ఏడాది కంట్రాక్టరు ఆయన్ని ఒక చెంచుపెంటకు పంపాడు. పెంట అంటే చెంచులు గుడిసెలు వేసుకునే చోటు. బియ్యం కార్డులిస్తామని చెప్పి నాయన పదకొండు ఇళ్ళవాళ్ళ దగ్గర వేలిముద్రలు తీసుకున్నాడు. ఆ కాగితంలో ఉన్నది బియ్యం సంగతి కాదు. వానాకాలం రాకముందే పెంట ఖాళీ అయింది. తెల్లదొరల కాలంలో అడవికి హద్దురాళ్ళు పాతినప్పుడు కూడా తమ తాతల్ని ఇట్లాగే లేపారని ఒక చెంచు ముసలి పోతూ పోతూ నాయనతో అన్నదట. నాయన ఇది చెప్పింది చనిపోయే ముందు, ఒకే ఒక్కసారి. చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అబూ ఫాలెహ్ గుడారం బయటికి ఎదురొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఎండుకట్టెలా ఉన్నాడు. లోపల కూర్చోబెట్టి చిన్న గిన్నెల్లో గహ్వా కాఫీ పోశాడు. ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపాడు. గుడారాన్ని రెండుగా చేసిన తెరకు అవతల ఆడవాళ్ళ మాటలు వినిపించి, ఆగిపోయాయి.

నోయెల్ నాలుగు కాగితాలూ వరసగా పరిచి, సిరా పెట్టె మూత తీశాడు.

“చదువు మహబూబ్,” అన్నాడు ముసలాయన.

బాషా మొదటి మూడూ చదివాడు. కొడుకు ఫాలెహ్, పెద్ద కూతురు నౌఫ్, చిన్న కూతురు. ముసలాయన తల ఊపుతూ విన్నాడు. బాషా నాలుగో కాగితం అందుకున్నాడు. ఎల్లన్న ముఖం కళ్ళముందుకొచ్చింది. ఆత్మకూరులో తన భార్య జాహెదా, ఆమె మందులు, సగం లేచిన ఇంటి గోడలు గుర్తొచ్చాయి. ఒక్క మాట. ‘ఇది కూడా అదే’ అంటే అయిపోతుంది.

ముసలాయన ఎదురుచూస్తున్నాడు. వేలు అప్పటికే సిరాలో ముంచాడు.

“ఉండు, అబూ ఫాలెహ్. వేలు తుడుచుకో.”

“బాషా, వద్దు,” అన్నాడు నోయెల్ తెలుగులో, పెదవులు కదలకుండా. “ప్లీజ్. ఆపు.”

“ఏమంటున్నాడు?” అని అడిగాడు ముసలాయన.

“చదవొద్దంటున్నాడు,” అని బాషా చదవడం మొదలుపెట్టాడు. అక్షరం వదలకుండా చదివాడు.

గుడారం తాళ్ళు గాలికి కిర్రుమంటున్నాయి. ముసలాయన సిరా వేలిని చొక్కా అంచుకు తుడుచుకున్నాడు.

“ఆ బావి ఎవరు తవ్వారో మా తాతకే తెలీదు. నా ఒక్కడిది కాని దాన్ని నేనెట్లా రాసిస్తాను?” అన్నాడు చివరికి. ఆయన కోప్పడకపోవడం బాషాను ఇంకా భయపెట్టింది. “నేను వేలు పెట్టకపోతే మీకేమవుతుంది?”

“మా కార్డులు పోతాయి. నలభై ఒక్కమందివి.”

తెర వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. పెద్ద కూతురు నౌఫ్. “ఆ ఉద్యోగాలు నిజమేనా, పేరుకేనా?”

“పేరుకే అమ్మా.”

“అయితే నా పేరు వద్దు. నేను టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకున్నా. మీ రిజిస్టర్లో నా పేరుంటే, ఇప్పటికే ఉద్యోగం ఉందని తీసేస్తారు. చెల్లెలిదీ వద్దు.”

ముసలాయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. తర్వాత నోయెల్ వైపే చూసి మెల్లగా చెప్పాడు. బాషా తెలుగులోకి మార్చాడు.

“ముగ్గురు మగపిల్లలు రేపు పొద్దున గేటు దగ్గర ఉంటారంట సార్. ఫాలెహ్, తమ్ముళ్ళ కొడుకులిద్దరు. నిజం పని ఇయ్యాలంట, నిజం జీతం. నాలుగో కాగితం మీ కఫీల్‌కే ఇచ్చేయమంటాండాడు.”

తిరుగుదారిలో నోయెల్ కంచె గేటు దగ్గర దిగి, ఫైలు గుండెకు ఆనించుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాడు.

మర్నాడు ముగ్గురు కుర్రాళ్ళూ వచ్చారు. కఫీల్ నోయెల్‌ని గంటసేపు నిలబెట్టి తిట్టాడని ఆఫీసులో పనిచేసే బంగ్లాదేశీ చెప్పాడు. కానీ సర్కారు గడువుకి పదకొండు రోజులే ఉంది. వేరే మనుషులు దొరకలేదు. ఆ ముగ్గురి పేర్లూ ఎక్కాయి. వారానికి రంగు మారింది. ఇకామాలు వరసగా రావడం మొదలైంది. ఎల్లన్న కార్డు చేతిలో పడిన రోజే ఆస్పత్రిలో చేరాడు.

బాషా కార్డు రాలేదు. నోయెల్ పిలిపించి ఒక కాగితం బల్ల మీదికి తోశాడు. ఫైనల్ ఎగ్జిట్, అంటే కొలువు ముగించి దేశం వదిలి పొమ్మని.

“ట్రై చేశాను బాషా. లిస్టులో నీ పేరు కఫీల్ తన చేత్తోనే కొట్టేశాడు.”

“వీణమ్మకి నా సలాం చెప్పండి సార్,” అన్నాడు బాషా. గదికి వచ్చి పెట్టె సర్దుకున్నాడు. జాహెదాకి ఫోన్ చేస్తే ఆమె మొదట ఏడ్చింది. తర్వాత, “రాండి. ఈడ్నే ఏదో ఒకటి చేసుకుందాం,” అంది.

రెండేళ్ళ తర్వాత ఒక శుక్రవారం ఎల్లన్న ఫోన్ చేశాడు.

“బావి ఎండింది భాయ్. మన కంపెనోళ్ళు కంచె పొంటి కొత్తబోర్లు దింపిన్రు, శానా లోతుకు. ఆర్నెల్లల్ల నీళ్ళు అడుక్కు పోయినయ్. గుడారాలోళ్ళు గొర్లను అమ్మిన్రు.”

“ముసలాయన?”

“తబూక్ల ఉంటున్నడు. ఫాలెహ్ ఇంకా గేటు కాడనే చేస్తుండు. ఆ నౌఫమ్మకు టీచరు నౌకరి అయింది. ఆమెనే కాగితాలు రాసి కోర్టుల కేసేసింది. ‘మా నాయన ఏడ వేలు పెట్టలే, బావి మాదే, నీళ్ళు గుంజిన్రు’ అని. అప్పుడు వేలు పడుంటే కేసే నడ్వకపోవునట.”

“గెలుస్తారా?”

“ఏం తెలుసు భాయ్. తారీఖులు పడుతున్నయ్.”

ఫోన్ పెట్టేసి బాషా వాకిట్లో కూర్చుండిపోయాడు. బావి నిలబడలేదు. తన కొలువూ నిలబడలేదు. కానీ నాయనలా గోడ వైపు తిరిగి పడుకోవాలని మాత్రం అనిపించలేదు.

జాహెదా బయటికొచ్చింది. “ఎవరు ఫోను?”

“ఎల్లన్న. కూర్చో, చెప్తా,” అని ఆమెకు చాపలో చోటిచ్చాడు.